రోజులు నిజంగానే పాడైపోయాయా? హింసాత్మక నేరాలపై అపోహలు - వాస్తవాలు

పెళ్ళిలోనో, పెద్దకర్మ భోజనాల దగ్గరో నేను పోలీసు శాఖలో పనిచేశానని తెలిస్తే పక్కవాళ్ళు మొదట అడిగేది ఒకటే. "ఏం సార్, రోజులు మరీ ఇట్లయిపాయె? యాడ చూసినా చంపుకోవడాలే గదా!" 1991లో అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలో (పీటీసీ) శిక్షణ ముగించుకొని ఎస్సైగా చేరాను. ఉద్యోగమంతా రాయలసీమ జిల్లాల్లోనే గడిచింది, సీఐగా రిటైరయ్యాను. విస్తరి ముందు కూర్చొని రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. జనం భయపడటం తప్పని నేను అనను. కానీ మనం ఒకవైపు చూసి భయపడుతుంటే ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తోంది. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: మునుపు ఇన్ని హత్యలు ఉండేవి కావు

నా మొదటి పోస్టింగు ఒక ఫ్యాక్షన్ మండలం. ఊరి మధ్య పికెట్. బడి గదిలో ట్రంకు పెట్టెలు తలాపున పెట్టుకొని పడుకునేవాళ్ళం. తెల్లవారుజామున ఎక్కడైనా టపాకాయ పేలినా నాటుబాంబేమోనని దిగ్గున లేచేవాళ్ళం. ఒక హత్యకు పంచనామా పూర్తికాకముందే దానికి బదులుగా ఇంకో హత్య జరిగిన రోజులున్నాయి. "అప్పటి కాలమే బాగుండేది" అని ఎవరైనా అంటే, ఒకే వీధిలో వరసగా అరుగుల మీద కూర్చున్న భర్తలు పోయిన ఆడవాళ్ళు నాకు గుర్తొస్తారు.

నా జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యం కాదు. ఎన్‌సీఆర్‌బీ, అంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో, ఏటా వేసే లెక్కలున్నాయి. 1992లో దేశంలో 40,000కు పైగా హత్య కేసులు నమోదయ్యాయి. 2022లో 28,522. 2023లో 27,721. ఈ ముప్పై ఏళ్ళలో జనాభా యాభై కోట్లకు పైగా పెరిగింది. లక్ష మందికి ఎన్ని హత్యలని చూస్తే 1992లో 4.6 ఉండేది, 2022కి 2.1కి వచ్చింది. సగానికి పైగా తగ్గింది.

హత్యల లెక్కే ఎందుకు చూడాలంటే, మిగతా నేరాల సంఖ్య ఎంతమంది ధైర్యం చేసి స్టేషన్‌కు వచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. కొట్టుకున్నా, దోచుకున్నా, అత్యాచారం జరిగినా చెప్పకుండా దాచుకునేవాళ్ళు ఉంటారు. శవాన్ని దాచడం అంత సులభం కాదు. అందుకే హింస పెరిగిందా తగ్గిందా అని చూడటానికి ఉన్నవాటిలో నమ్మదగిన కొలత ఇదే. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఒకే సంఘటనలో రెండు మూడు నేరాలు జరిగితే ఎన్‌సీఆర్‌బీ పట్టికలో వాటిలో అతి పెద్దదే లెక్కకు వస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది అత్యాచారాల వరుసలో కాకుండా విడిగా ఇంకో వరుసలో చేరుతుంది. ఒక్క అంకె మాత్రమే పట్టుకొని వాదించేవాళ్ళకు ఇది తెలియదు.

ఈ తగ్గుదలంతా మనుషులు మారినందువల్లే అని కూడా నేను చెప్పను. 2005లో 108 అంబులెన్సు వచ్చాక, అంతకు ముందైతే దారిలోనే ప్రాణం పోయే మనిషి బతికి బట్టకట్టడం నా కళ్ళతో చూశాను. అలాంటి కేసు హత్య కింద కాక హత్యాయత్నం కింద నమోదవుతుంది. దేశంలో హత్యాయత్నం కేసులు హత్యలకన్నా బాగా ఎక్కువ. వాటిని పక్కన పెట్టేసి అంతా బాగైపోయిందని చంకలు గుద్దుకోవడం సరికాదు.

మరి పెరిగినట్టు ఎందుకనిపిస్తుంది? అప్పట్లో పక్క జిల్లా హత్య మరుసటి రోజు పేపర్లో నాలుగు లైన్లు వచ్చేది. ఇప్పుడు సీసీ కెమెరాలో పడిన నరుకుడు అరగంటలో ఇంటిల్లిపాది ఫోన్లలోకి వస్తుంది, సాయంత్రం టీవీలో ఎర్రటి వలయం గీసి ఇరవైసార్లు తిప్పి చూపిస్తారు. జరిగింది ఒక్క హత్యే. మనసుకు మాత్రం ఇరవై జరిగినట్టే ఉంటుంది. అదే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, హత్యలకు దాదాపు ఆరు రెట్లు. హెల్మెట్ లేకుండా కొడుకు బండి తీస్తే కలగని టెన్షన్ మనకు పక్క రాష్ట్రంలో జరిగిన హత్య వీడియోతో కలుగుతోంది.

అపోహ: చంపేది ఎవరో గుర్తుతెలియని దుండగులే

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది. 2022 హత్యల్లో ఎన్‌సీఆర్‌బీ రాసిన కారణాలు చూడండి. తగాదాల వల్ల జరిగినవి 9,962. పాత పగలు, కక్షల వల్ల 3,761. డబ్బు, నగల కోసం చేసినవి 1,884, అంటే వందకు ఏడు కూడా లేవు. దొంగ వచ్చి చంపుతాడని కిటికీలకు ఊచలు వేయిస్తాం. చంపుతున్నది మాత్రం ఎక్కువగా గట్టు పక్క చేనివాడు, అన్నదమ్ముడు, అప్పు తీసుకున్నవాడు, కట్టుకున్నవాడు, కాదన్నందుకు వెంటపడుతున్నవాడు. నేను దర్యాప్తు చేసిన హత్యల్లో ముద్దాయి పేరు చాలాసార్లు మొదటి గంటలోనే ఊళ్ళో ఎవరో ఒకరి నోట వచ్చేది. తగాదా ముదురుతోందని అందరికీ ముందే తెలుసు.

ఒక కేసు చెబుతాను. దాయాదుల మధ్య గట్టు తగాదా, బోరు నీళ్ళ వంతు దగ్గర ఇంకా పెరిగింది. చిన్నవాడు స్టేషన్‌కు వచ్చి, "మా అన్న కొడుకు కొడవలికి పదును పెట్టిస్తా ఉన్నాడు సార్, నన్ను వదలనని రచ్చబండ కాడ అన్నాడు" అని చెప్పుకున్నాడు. ఆ వారం జాతర బందోబస్తులో ఉన్నాం. పెద్దమనుషుల్లో తేల్చుకోండని పంపించేశాను. పద్దెనిమిదో రోజు అతని శవానికి నేనే పంచనామా రాశాను. ఆ తర్వాత నా సర్వీసులో "చంపుతానన్నాడు" అన్న మాటతో వచ్చిన ఏ మనిషినీ ఉత్తచేతులతో పంపలేదు.

"చంపుతానన్నవాడు చంపడు, మొరిగే కుక్క కరవదు" అని పెద్దలు తేలిగ్గా అనేస్తారు. దయచేసి ఆ మాట నమ్మకండి. బెదిరింపులో చోటు, సమయం, ఆయుధం వినిపిస్తే, మనిషి మీ రాకపోకలు గమనిస్తుంటే, తాగినప్పుడే కాక తెలివిలో ఉన్నప్పుడు కూడా అదే మాట అంటుంటే అది ఉత్త కోపం కాదు. భర్త ఒక్కసారైనా గొంతు పట్టుకొని నులిమాడంటే ఆ ఇల్లాలి ప్రాణం ప్రమాదంలో ఉన్నట్టే. చెంపదెబ్బతో సమానంగా దాన్ని చూడకూడదు.

అలాంటప్పుడు ఏం చేయాలి? నోటితో చెప్పి రావద్దు, కాగితం మీద రాసివ్వండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, సరిగ్గా ఏ మాట అన్నాడో అతని మాటల్లోనే రాయండి. రసీదు అడిగి తీసుకోండి. మెసేజీలు, కాల్ రికార్డింగులు చెరపకండి. బైండోవర్ చేయించమని అడగండి. అంటే, అవతలి మనిషిని తహసీల్దారు ముందు హాజరుపరిచి, ఇంతకాలం శాంతికి భంగం కలిగించనని బాండు రాయించుకుంటారు. ఇది శిక్ష కాదు. కానీ తన పేరు స్టేషన్ రికార్డులో ఉందని తెలిశాక వెనక్కి తగ్గినవాళ్ళను చాలామందిని చూశాను. పొలం హద్దు తగాదా అయితే సర్వేకు దరఖాస్తు పెట్టండి. సర్వేయరు వచ్చి హద్దురాళ్ళు పాతిన చేను మీద హత్య జరగడం నా సర్వీసులో అరుదు.

అపోహ: చీకటి పడ్డాక బయటికి వెళ్తేనే ఆడపిల్లకు ప్రమాదం

2022లో దేశంలో 31,516 అత్యాచారం కేసులు నమోదయ్యాయి. వాటిలో నూటికి తొంభై ఐదుకు పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడు. మహిళలపై నేరాల్లో అన్నిటికన్నా పెద్ద వరుస భర్త, అతని బంధువులు పెట్టే హింసదే. అవి కేసుల దాకా వచ్చినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవాళ్ళు తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. దేశం మొత్తం మీద అలా హింస పడ్డవాళ్ళలో సాయం కోరినవాళ్ళు నూటికి 14 మందే. మిగతావాళ్ళు ఇంటి పరువని నోరు మూసుకొని బతుకుతున్నారు. నా దృష్టిలో మన సమాజంలో అతి పెద్ద హింసాత్మక నేరం ఇదే, దీనికి వీడియో ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఆడపిల్లను ట్యూషన్ నుంచి తీసుకురావడానికి తండ్రి వెళ్ళడం మంచిదే. దానితో పాటు, మామయ్యయినా బాబాయైనా సరే, వద్దన్నచోట చెయ్యి వేస్తే వచ్చి చెప్పమని, చెబితే మేం తిట్టబోమని ఆ పిల్లకు నమ్మకం కలిగించాలి. మగపిల్లలకు కూడా ఇదే చెప్పాలి. పోక్సో చట్టం పిల్లలెవరైనా ఒకటే అంటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం.

జరగరానిది జరిగితే స్నానం చేయించకండి. ఆ బట్టలు ఉతకకుండా, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితంలో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్‌లో తేమకు ఆధారాలు పాడవుతాయి. ముందు ఆసుపత్రికైనా వెళ్ళవచ్చు, స్టేషన్‌కైనా వెళ్ళవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనడం చట్టవిరుద్ధం. ఇంట్లో హింసకు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో తాత్కాలికంగా తలదాచుకునే వీలు కూడా ఉంటుంది.

అపోహ: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు ఊళ్ళలో తిరుగుతున్నాయి

2018 వేసవిలో ఈ మాటే తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ ద్వారా కార్చిచ్చులా పాకింది. ఎక్కడో తీసిన వీడియోలకు మన ఊరి పేర్లు తగిలించారు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన హైదరాబాద్ యువకులు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతే, కిడ్నాపర్లని పుకారు పుట్టింది. కారులో తప్పించుకోబోతే ముర్కి గ్రామం దగ్గర అడ్డగించారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణం పోయింది, కాపాడబోయిన పోలీసులు కూడా గాయపడ్డారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

కిడ్నాప్ కేసులు ఏటా లక్ష దాటుతున్నాయి కదా అని అడుగుతారు. మైనరు ఎవరు కనిపించకపోయినా ముందు కిడ్నాప్‌గానే కేసు కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అలిగి వెళ్ళిపోయిన పిల్లాడు, ఇష్టపడ్డవాడితో వెళ్ళిన పిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తారు. పిల్లలు కనబడకపోతే మాత్రం 24 గంటలు ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. ఆ నిమిషమే అత్యవసర నంబరు 112కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. కొత్తవాళ్ళ మీద అనుమానం వస్తే కూడా పోలీసులకే చెప్పండి. చుట్టుముట్టి ప్రశ్నించే గుంపులో మీరు చేరకండి, మీ ఇంటి కుర్రాళ్ళను చేరనివ్వకండి.

అపోహ: స్టేషన్ గడప తొక్కితే మనమే ఇరుక్కుంటాం

ఈ భయానికి మా శాఖే చాలావరకు కారణం, ఒప్పుకుంటాను. "ఇది మా పరిధి కాదు, అవతలి స్టేషన్‌కు పో" అన్న మాట జనం ఎన్నిసార్లు విన్నారో నాకు తెలుసు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటాం. ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. సాక్ష్యం కోసం ఆడవాళ్ళను, 60 ఏళ్ళు దాటినవాళ్ళను స్టేషన్‌కు రమ్మనకూడదు. పోలీసులే వాళ్ళ ఇంటికి వెళ్ళాలి.

అపోహ: చేతిలో ఆయుధముంటే ధైర్యం

గొలుసు లాగేవాడితో పెనుగులాడి బండి వెంట ఈడ్చుకుపోయిన తల్లుల్ని చూశాను. బంగారం వదిలేయండి, బండి రంగు, ఎటు వెళ్ళాడో గుర్తుపెట్టుకోండి. ప్రాణం మీదికి వస్తే తిరగబడే హక్కు చట్టం మనకు ఇచ్చింది, కానీ ప్రమాదం తప్పించుకోవడానికి అవసరమైనంత మేరకే. బండి సీటు కింద కత్తి పెట్టుకు తిరిగే కుర్రాళ్ళు మాత్రం చిన్న గొడవను హత్య కేసుగా మార్చుకుంటున్నారు. అలా జైలుకెళ్ళిన పంతొమ్మిదేళ్ళ పిల్లల తల్లులు నా ముందు కూర్చొని ఏడ్చారు.

ఇక 112 గురించి ఒక్క మాట. ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది ఏం జరిగిందో, ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పుకొస్తారు, ఈలోగా లైను తెగిపోతుంది. ముందు చోటు చెప్పండి: ఊరు, వీధి, దగ్గర్లో గుడో, బడో, పెట్రోలు బంకో. తర్వాత ఎంతమంది ఉన్నారు, చేతిలో ఏముంది, ఎవరికైనా గాయమైందా. మీ పేరు చివర్లో చెప్పినా పర్లేదు. లైను తెగితే అటు నుంచి మళ్ళీ కాల్ వస్తుంది, తెలియని నంబరని కట్ చేయకండి. ఫోన్‌లో ఎమర్జెన్సీ కాల్ పవర్ బటన్‌తో ఎలా వెళ్తుందో ఈ రోజే సెట్టింగ్స్‌లో చూసి, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో కూడా సరిచేసి పెట్టండి.