బంధించిన ఎలుక: పక్షవాతం తర్వాత కదలికల మందు వెనుక కథ

మెదడులో కదలికలను నడిపే పొరను ఒకవైపు దెబ్బతీసి, ఆ ఎలుకలను 1982లో పరిశోధకుడు ఫీనీ బృందం సన్నటి పట్టీ మీద నడిపించి చూసింది. మర్నాడు మెదడును చురుకుపరిచే యాంఫెటమిన్ అనే మందు ఒక్క డోసు పడ్డ ఎలుకలు మిగతావాటికంటే ముందే అడుగు కుదురుగా వేశాయి. అదే మందు ఇచ్చి కదలనీయకుండా బంధించిన వాటికి ఆ లాభం దక్కలేదు. డోపమిన్‌ను అడ్డుకునే మానసిక జబ్బుల మందు హాలోపెరిడాల్ ఇచ్చినవైతే వెనకబడ్డాయి. తర్వాత జనానికి గుర్తున్నది మందు పేరే, బంధించిన ఎలుక కాదు.

వివరణ సూటిగానే ఉంది. యాంఫెటమిన్‌తో మెదడులో నోరెడ్రినలిన్, డోపమిన్ అనే రసాయనాలు పెరుగుతాయి. ఆ కాసేపట్లో చేసిన సాధనే నాడీకణాల లంకెలను గట్టిపరుస్తుందని అంచనా. సాధన లేకపోతే గట్టిపడేదేముంది?

1988లో 8 మంది రోగుల్లో 10 మి.గ్రా. యాంఫెటమిన్, వెంటనే ఫిజియోథెరపీ కలిపి ఇస్తే మర్నాటికే తేడా కనిపించింది. 2006లో 71 మందికి వారానికి రెండుసార్లు చొప్పున 5 వారాలు ఇచ్చి చూస్తే ఆ తేడా నిలవలేదు. ఎలుకకు చేసిన గాయం చిన్నది, కొలిచి చేసింది. మనిషికొచ్చే పక్షవాతంలో ఒక్కోసారి వెన్నుపాముకు దిగే తీగలే తెగిపోతాయి. అప్పుడు గట్టిపరచడానికి దారే మిగలదు. మెదడులో డోపమిన్‌గా మారే పార్కిన్‌సన్స్ మందు లెవోడోపా కథా ఇంతే: 2001లో 53 మందిలో ఆశ, 2019లో బ్రిటన్‌లో 593 మందిలో నిరాశ. అక్కడ మాత్రను థెరపీకి ముందే ఇచ్చారు కాబట్టి, వేళ కుదిరితే చాలదని కూడా తేలినట్టే.

ఎక్కువ మందిని ఊరించింది కుంగుబాటుకు వాడే ఫ్లుయాక్సెటిన్. 2011లో ఫ్రాన్స్‌లో 118 మందికి రోజుకు 20 మి.గ్రా. మాత్రనో, ఉత్తుత్తి మాత్రనో 3 నెలలు ఇచ్చారు. 100 పాయింట్ల కదలికల స్కోరులో మందు పడ్డవారు 34, మిగతావారు 24 పెరిగారు. చీటీల మీదికి ఈ పేరు ఎక్కింది. తర్వాత బ్రిటన్‌లో 3,127 మందికి 6 నెలలు పరీక్షించారు: సొంత పనులు చేసుకునే శక్తిలో తేడా లేదు. కుంగుబాటు తగ్గింది, ఎముకలు విరగడం పెరిగింది. అయితే ఆ శక్తిని కొలిచిన 0 నుంచి 6 దాకా ఉండే స్కేలుకు వేలు కాస్త తెరుచుకోవడం కనిపించదు. అది వేరే సంగతి.

కొన్ని మందులు కోలుకోవడాన్ని వెనక్కి లాగుతాయన్న హాలోపెరిడాల్ పాఠం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. రాత్రి నిద్రకు వేసిన డయజెపామ్ మత్తు ఉదయం ఫిజియోథెరపీ వేళకూ వదలకపోతే, ఆ పూట సాధన సగం వృథా. ఫిట్స్ మందుల్లో ఫెనిటాయిన్ మీదా అనుమానాలున్నాయి. మందుల చీటీని ఫిజియోథెరపిస్టుకూ చూపించండి. మార్పు మాత్రం డాక్టరే చేయాలి: ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి.