రెండు నిమిషాలకో సాయం

ఇంట్లో నలుగురు చేరి కబుర్లాడుకుంటూ, కూరలు తరుగుతూ, భోంచేస్తూ ఉన్నప్పుడు ఒకరినొకరు ఎన్నిసార్లు సాయం అడుగుతారు? సగటున 2 నిమిషాల 17 సెకన్లకు ఒకసారి. జియోవన్నీ రోస్సీ, నిక్ ఎన్‌ఫీల్డ్ అనే భాషాశాస్త్రవేత్తలు, వాళ్ల తోటివారు ఐదు ఖండాల్లో ఎనిమిది భాషల వాళ్ల రోజువారీ బతుకును వీడియో తీసి, 40 గంటలకు పైగా రికార్డింగులు చూసి తేల్చిన లెక్క ఇది. 2023లో అచ్చయింది. ఇంగ్లండ్, ఇటలీ వాళ్లూ ఉన్నారు, ఘనా, లావోస్ పల్లెవాళ్లూ ఉన్నారు. ఆ ఉప్పు ఇలా ఇయ్యి, ఆ తలుపు వెయ్యి, ఈ బిడ్డను కాస్త పట్టుకో... అన్నీ ఇంతింత పనులే. కుదరదన్న సందర్భాలకు ఏడింతలు చేసిపెట్టిన సందర్భాలు. కుదరదన్నవాళ్లు చాలాసార్లు కారణం చెప్పుకున్నారు. చేసిపెట్టినవాళ్లు మాత్రం మామూలుగా ఎందుకు చేశారో చెప్పలేదు. మనుషుల్లో చెయ్యకపోవడానికే సంజాయిషీ కావాలన్నమాట.

ఆ ఎనిమిదిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో పాలకొండ బస్సు ఎక్కినవాళ్లకు పెద్దగా లోటనిపించదు లెండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఓ తువ్వాలు లోపల పడుతుంది, దాని వెనకే సంచి. "కాసింత సూడమ్మా, ఇప్పుడే వొచ్చేత్తాను" అని బయటినుంచి గొంతు. లోపలున్నావిడ ఎవరిదని అడగదు, సర్ది పెడుతుంది. జనం కిక్కిరిసి కండక్టరు ముందే చిక్కుకుపోతే, వెనక సీటువాళ్ల డబ్బు నాలుగు చేతులు మారి ఆయన్ని చేరుతుంది. టిక్కెట్టు, మిగతా డబ్బు అదే దారిన తిరిగొస్తాయి. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది చిల్లర వ్యవహారం. ముక్కూ మొహం తెలియని ఇద్దరికి కలిపి కండక్టరు ఒకే నోటు చేతిలో పెడతాడు, "దిగాక ఇద్దరూ పంచుకోండి" అని. ఆమదాలవలసలో దిగిన ఆ ఇద్దరూ నోటు మార్చుకోవడానికి టీకొట్టు వెతుక్కుంటారు. కొత్తవాళ్ల మధ్య నమ్మకం ఎంతో కొలవడానికి ఆర్థికశాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో డబ్బు ఆటలు ఆడిస్తారు, చేతికి కొంత డబ్బిచ్చి తెలియనివాళ్లతో ఎంత పంచుకుంటారో చూస్తారు. ఆర్టీసీ ఆ ఆటను ఉత్త చిల్లర కొరతతోనే నడిపించేస్తోంది.

ఇంత జరిగినా ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోరు. మర్యాద తెలియనివాళ్లని అనుకోనక్కర్లేదు. ఇదే బృందంలోని కొందరు 2018లో ఆ సంగతీ చూశారు. అడిగిన పని చేసిపెట్టిన 20 సార్లలో నోటితో కృతజ్ఞత చెప్పింది ఇంచుమించు ఒక్కసారే. ఈక్వడార్‌లో ఛాపలా భాష మాట్లాడేవాళ్లు అసలు చెప్పనే లేదు. ఇవాళ నా సంచి నువ్వు చూశావు, రేపు ఇంకెవరి సంచో నేను చూస్తాను. లెక్క అక్కడితో సరి.

అడిగితే చేస్తాం, బాగానే ఉంది. అడక్కుండా చెయ్యాలంటేనే చెయ్యి ముందుకు రాదు. "ఏమనుకుంటారో" అన్న బెరుకు. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే మనస్తత్వవేత్తలు షికాగోలో చలికాలం మంచు మీద స్కేటింగ్ చేసే ఒక మైదానం దగ్గర వచ్చినవాళ్లకు వేడి చాక్లెట్ పానీయం ఇచ్చి, తెలియనివాళ్లకెవరికైనా ఇవ్వవచ్చన్నారు. పుచ్చుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో ఇచ్చినవాళ్ల చేత అంచనా వేయించారు. ఆ అంచనా అసలు సంతోషం కంటే తక్కువే వచ్చింది. ఇచ్చేవాడి చూపు వస్తువు మీదే, ఈ మాత్రం దానికేమిటని. పుచ్చుకునేవాడికి దానితోపాటు ఇచ్చిన మనిషి మనసు కూడా అందుతుంది. 2022లో వచ్చిన ఈ పరిశోధనలోనే మరో ప్రయోగంలో, ఇలా ఊరకే ఏదైనా అందుకున్నవాళ్లు తర్వాత డబ్బు ఆటలో మూడో మనిషికి, అతనెవరో తెలియకపోయినా, కాస్త ఎక్కువే పంచారు. దయ పాకుతుందనడానికి నేను నమ్మే ఆధారం ఇలాంటిది. మంచి పని చూడగానే ఫలానా హార్మోను పొంగుతుందంటూ వాట్సాప్‌లో తిరిగే మాటల జోలికి పోను. పేరుమోసిన ప్రయోగాలన్నీ నిలబడలేదు కూడా. ఫోన్ బూత్‌లో నాణెం దొరికినవాళ్లు ఎదుటివారి కాగితాలు ఏరిపెట్టారన్న 1972 నాటి ప్రయోగాన్ని ఇతరులు మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

సాయానికి అడ్డుపడేది బెరుకొక్కటే కాదు, తొందర కూడా. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మత విద్యార్థులను ప్రసంగం చెయ్యమని పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం ఆగారు, బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతం. ఉన్నదే 40 మంది, కాబట్టి ఈ శాతాలను రాతి మీద చెక్కనక్కర్లేదు. కొసమెరుపు ఏమిటంటే, వాళ్లలో సగం మంది మాట్లాడబోయేది దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న బైబిలు కథ గురించే! కథ తలలో ఉన్నా పెద్దగా తేడా రాలేదు, గడియారమే గెలిచింది. ప్రేమ, శాంతి అని మైకులు పెట్టి చెప్పేవాళ్లు ఈ ప్రయోగం ఒకసారి చదివితే బాగుణ్ణు.

ఈ ఇంతింత సాయాలకు పెద్ద పని పడేది విపత్తు రోజున. 2018 అక్టోబరు 11న తెల్లవారుతూనే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. అలాంటప్పుడు అధికారులు వచ్చేలోగా ఉండేది ఇరుగుపొరుగే. జపాన్‌లో 1995 కోబే భూకంపంలో శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటపడినవాళ్లలో ఎక్కువమందిని లాగింది పొరుగువాళ్లేనని విపత్తులను అధ్యయనం చేసిన డేనియల్ ఆల్డ్రిచ్ రాశాడు. ఏ ముసలమ్మ ఏ గదిలో పడుకుంటుందో పక్కింటికి తెలుసు. మజ్జిగకో, అగ్గిపెట్టెకో రోజూ వెళ్లొస్తుంటేనే అవి తెలిసేది.

అదే ఆల్డ్రిచ్ 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇంకో సంగతి చూశాడు. కట్టుబాటు గట్టిగా ఉండి, బయటివాళ్లతో సంబంధాలున్న ఊళ్లు త్వరగా తేరుకున్నాయి. కానీ ఆ కట్టుబాటే దళితులను, వితంతువులను సహాయం జాబితాల బయట నిలబెట్టింది. మన ఊళ్లలో మజ్జిగ గిన్నె ఏ వీధి మలుపు దాకా వెళ్లి ఆగిపోతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తుపాను నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లను ఊరి పెద్దలు ఆ మలుపు దాటించి తీసుకెళ్తారా లేదా అన్నది, మామూలు రోజుల్లో ఆ గిన్నె ఎక్కడ ఆగుతోందో చూస్తే ముందే తెలిసిపోతుందని నా అనుమానం.