సంతలో కొన్న పొట్టేలు వెంట వచ్చేవి

పాలమూరు మందల్లో తిరిగితే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడుతుంది: "దీనికి దమ్ము పట్టింది." చూస్తే అది నాలుగు పళ్లదో ఆరు పళ్లదో తల్లి గొర్రె. మేత మానలేదు, ఒళ్లు కాలడం లేదు, పారడం లేదు. కానీ మంద గట్టెక్కేసరికి అది గట్టు కిందే నిలబడి డొక్కలు ఎగరేస్తుంటుంది. తల దించితే ముక్కులోంచి నీళ్లు. కాపరి నట్టల మందు తాగిస్తాడు, మండల కేంద్రంలో తెచ్చిన సూది వేస్తాడు. రెండు రోజులు తేరుకున్నట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి వెన్నుపూస చేతికి తగులుతుంది. ఇక లాభం లేదనుకుని కటికోళ్లకో సంతకో తోలేస్తారు.

దమ్ము పట్టిన ప్రతి గొర్రెదీ ఒకే జబ్బు కాదు. నెమ్ము కావచ్చు, ఊపిరితిత్తుల్లో పురుగులు కావచ్చు, పారుడు రోగం మిగిల్చిన దెబ్బ కావచ్చు. ఎక్కువసార్లు ఇవే. కానీ జ్వరం లేకుండా, మందుకు లొంగకుండా, పెద్ద వయసు గొర్రెల్లోనే, ఏడాదికి ఒకటి రెండు చొప్పున వచ్చే దమ్ము వేరు. దాని వెనక రెట్రోవైరస్ అనే రకం వైరస్‌లు ఉండొచ్చు, వాటికో చరిత్ర ఉంది. అందులో ప్రతిచోటా ఎవరో ఒకరు మంచి జాతి పొట్టేలును కొని తెచ్చుకుంటూ కనిపిస్తారు.

ముందు రెట్రోవైరస్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు వైరస్ కౌలుదారు లాంటిది. కణంలో దిగుతుంది, పంట తీసుకుంటుంది, పోతుంది. రెట్రోవైరస్ పహాణీలో పేరెక్కించుకుంటుంది. దాని జన్యు సమాచారం ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఉంటుంది. కణంలోకి వెళ్లగానే దాన్ని డీఎన్‌ఏగా తిరగరాసి, ఆ డీఎన్‌ఏను జీవి సొంత డీఎన్‌ఏలో అతికిస్తుంది. ఇక ఆ కణం విభజన చెందిన ప్రతిసారీ వచ్చే నకలులో వైరస్ పేరు కూడా ఉంటుంది. రికార్డులో ఒకసారి ఎక్కిన పేరును తీయించడం ఎంత పనో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకసారి సోకితే జీవితాంతం ఉండేది అందుకే.

ఈ వైరస్‌ల జాడ మొదట దొరికింది మనుషుల్లో కాదు, సాకే జంతువుల్లో. గుర్రాలకు వచ్చే అంటు రక్తహీనతకు కారణం బ్యాక్టీరియాను ఆపే వడపోతలోంచి కూడా జారిపోతోందని 1904లో ఫ్రాన్స్‌లో వాలే, కారే చూపించారు. 1908లో డెన్మార్క్‌లో ఎలర్‌మాన్, బాంగ్ కోళ్ల ల్యుకేమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, కణాలు లేని ద్రవంతో ఒక కోడి నుంచి ఇంకో కోడికి ఎక్కించారు. ల్యుకేమియాను అప్పటికి క్యాన్సర్‌గా లెక్కగట్టలేదు, అందుకే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1911లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ ఒక ప్లిమత్ రాక్ కోడి ఛాతీ గడ్డను నూరి, వడకట్టి, ఆ ద్రవంతోనే వేరే కోడికి గడ్డ పుట్టించాడు. క్యాన్సర్ అంటుకోవడమేమిటని అప్పటి పెద్దలు నమ్మలేదు. ఆయనకు నోబెల్ 1966లో వచ్చింది, అప్పటికి వయసు 87. నాలుగేళ్ల తర్వాత, 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరికి వారు ఆ తిరగరాసే ఎంజైమును పట్టుకున్నారు. టెమిన్ పని చేసింది ఆ రౌస్ వైరస్ మీదే.

శాద్‌నగర్, కొత్తూరు వైపు కోళ్ల షెడ్ల వాళ్లకు ఈ కథలో కొంత సొంత విషయం ఉంది. 1980ల చివర ఇంగ్లండ్‌లో మాంసపు కోళ్లలో ఏవియన్ ల్యుకోసిస్ అనే రెట్రోవైరస్ గడ్డల జబ్బులో 'జె' అనే కొత్త ఉపరకం బయటపడింది. 1990లలో ప్రపంచమంతా తిరిగింది. ఎలా తిరిగిందంటే, తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి. లోకానికంతా బ్రాయిలర్ జాతి కోళ్లను సరఫరా చేసేది కొద్ది కంపెనీలే కాబట్టి, పైన ముత్తవ్వ కోళ్ల మందలో ఉన్నది కిందిదాకా దిగింది. మళ్లీ ఆ కంపెనీలే గుడ్డు తెల్లసొనను పరీక్షించి, వైరస్ ఉన్న కోళ్లను ఏరేస్తూ చాలావరకు వదిలించుకున్నాయి. ఆరేడు వారాలకే అమ్ముడుపోయే బ్రాయిలర్‌లో గడ్డలు కనపడే వయసే రాదు. షెడ్లలో గడ్డల జబ్బు అనగానే అందరూ మరెక్స్ అంటారు. అది హెర్పిస్ జాతి వైరస్, దీనికి చుట్టం కాదు. పశువుల ల్యుకోసిస్, పిల్లుల ల్యుకేమియా కూడా రెట్రోవైరస్ పనులే. కానీ మన దక్షిణ తెలంగాణకు ముఖ్యం గొర్రెలు. కాబట్టి వాటి దగ్గరికే వస్తాను.

1933లో ఐస్‌లాండ్ ప్రభుత్వం జర్మనీలోని హాలె నుంచి 20 కారకుల్ గొర్రెలను కొన్నది. కారకుల్ పిల్లల ఉన్ని తోలుకు అప్పట్లో యూరప్‌లో మంచి గిరాకీ. స్థానిక గొర్రెలతో కలిపి జాతిని మెరుగుపరచాలన్నది ఆలోచన. ఆరోగ్య పత్రాలు ఉన్నాయి. తెచ్చాక రెండు నెలలు ఒక చిన్న దీవిలో విడిగా ఉంచారు కూడా. ఏ జబ్బూ కనపడలేదు. రైతులకు పంచారు.

కొన్నేళ్లకు కారకుల్ పొట్టేళ్లు చేరిన మందల్లో దమ్ము మొదలైంది. ఒకటి కాదు, రెండు వేర్వేరు జబ్బులు, రెండూ రెట్రోవైరస్‌ల పనే. మొదటిది ఊపిరితిత్తుల్లో గడ్డలు పెంచేది. దక్షిణాఫ్రికా కాపరులు దీన్ని అంతకు ముందే యాగ్‌సిక్టె అనేవారు, తరుముడు రోగం అని అర్థం. ఎవరో తరిమితే పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతుంది కాబట్టి ఆ పేరు. రెండోదాన్ని ఐస్‌లాండ్ రైతులు మైడి అన్నారు, అంటే ఆయాసం. అదే వైరస్ మెదడుకు, వెన్నుపాముకు ఎక్కి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ గొర్రె ఎండిపోతే విస్న అన్నారు, అంటే కృశించడం. మన "దమ్ము", "ఎండుకపోవుడు" అన్న మాటలకు వాళ్ల మాటలు ఎంత దగ్గరో! ఎక్కడి కాపరైనా కంటికి కనపడిందాన్నే పేరుగా పెడతాడు.

గడ్డల జబ్బును 1952 నాటికి వదిలించుకున్నారు. మైడి మాత్రం మొండికేసింది. లక్షకు పైగా గొర్రెలు దానితో చచ్చాయి. దేశాన్ని కంచెలతో ముక్కలు చేసి, సోకిన ప్రాంతంలో ఒక్క గొర్రె కూడా మిగలకుండా కోసి, ఆ నేలను ఏడాది ఖాళీగా ఉంచి, జబ్బు లేని వాయువ్య మూల నుంచి కొత్త మందలు తెచ్చి నింపారు. అలా కోసినవి ఆరున్నర లక్షల దాకా ఉంటాయి. 1965తో అది అంతమైంది. ఆ పని చేస్తూనే బ్యోర్న్ సిగుర్డ్‌సన్ అనే వైద్యుడు 1954లో "నెమ్మది అంటువ్యాధులు" అనే ఆలోచనను ముందుకు తెచ్చాడు: సోకిన నెలలు, ఏళ్ల తర్వాత గానీ పైకి రానివి, వచ్చాక వెనక్కి పోనివి. 1980లలో హెచ్‌ఐవీని చూసిన శాస్త్రవేత్తలు దాని చుట్టాలను వెతుక్కుంటూ వెళ్లింది ఈ విస్న దగ్గరికే. మైడి, విస్న మనుషులకు రావు గానీ వంశం ఒకటే.

ఆ రెండు నెలల కాపలా ఎందుకు పనికి రాలేదో ఇప్పుడు తెలుసు. మైడి సోకిన గొర్రె రెండేళ్లకు పైగా పైకి బాగానే ఉంటుంది. ముర్రుపాలలో పిల్లకు ఇస్తుంది, ఒకే దొడ్డిలో మూతి మూతి కలిపి పడుకుంటే శ్వాసలో ఇస్తుంది. ఐస్‌లాండ్‌లో చలికాలమంతా గొర్రెలను ఇళ్లలో కుక్కి ఉంచడం దానికి బాగా కలిసొచ్చింది.

గడ్డల వైరస్ మరీ టక్కరిది. దాని వల్ల సోకిన గొర్రె రక్తంలో యాంటీబాడీలు, అంటే రక్త పరీక్షలో వెతికే రక్షక పదార్థాలు, పుట్టవు. కారణం వింటే విచిత్రంగా ఉంటుంది. ఇదే కుటుంబానికి చెందిన పాత వైరస్‌లు లక్షల ఏళ్ల కిందటి నుంచే గొర్రె డీఎన్‌ఏలో స్థిరపడి, తల్లి నుంచి పిల్లకు వారసత్వంగా వస్తున్నాయి. ఇరవై పైచిలుకు నకళ్లు ఉన్నాయి. పిల్ల కడుపులో ఉండగానే దాని శరీరం వాటిని సొంతమనుకోవడం నేర్చుకుంటుంది. బయటి నుంచి అలాంటిదే వస్తే శత్రువని గుర్తుపట్టదు. పైగా ఆ పాత నకళ్లు పనికిరాని చెత్త కూడా కాదు. వాటిని పనిచేయకుండా ఆపితే గొర్రెల్లో చూలు నిలవలేదని 2006లో అమెరికా పరిశోధకులు చూపించారు. అంటే మన మందలో ఈనే ప్రతి గొర్రె ఒక పాత రెట్రోవైరస్‌కు బాకీ పడి ఉంది.

క్లోనింగ్‌తో, అంటే మరో గొర్రెకు నకలుగా, పుట్టిన డాలీ అనే గొర్రెను 2003 ఫిబ్రవరి 14న ప్రాణం తీసి విముక్తి చేసింది ఈ ఊపిరితిత్తుల గడ్డల వల్లే. దానికి ఆరేళ్లు. క్లోనింగ్ లోపమని అప్పట్లో చాలామంది రాశారు. నిజానికి కొట్టంలో ఇతర గొర్రెలతో ఉంటే ఏ గొర్రెకైనా అంటగల జబ్బు అది.

ఇప్పుడు మన నేల. ఒకప్పుడు పాలమూరు మంద అంటే నల్ల గొర్రెలు, దక్కనీవి, గొంగడి కోసం. ఉన్నికి గిరాకీ పడిపోయి మాంసానికి పెరిగాక నెల్లూరు పొట్టేళ్లు దిగాయి. నల్లగొండ వైపు కృష్ణ ఒడ్డున మాచర్ల గొర్రెలూ కలిశాయి. తర్వాత 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. అప్పటి ధర 1.25 లక్షలు, 75 శాతం రాయితీ. అన్ని గొర్రెలు రాష్ట్రంలో దొరకవు కాబట్టి ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో కొని లారీల్లో తెచ్చారు. 2012 పశుగణనలో 1.28 కోట్లున్న గొర్రెలు 2019లో 1.91 కోట్లయ్యాయి, దేశంలో మొదటి స్థానం. గొల్ల కురుమల ఇళ్లలో కొంత డబ్బు కదిలిన మాట నిజమే. దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఎక్కడెక్కడి మందలు ఇంత తక్కువ కాలంలో ఇంతగా కలవడం ఇక్కడ కాపరులు ఎన్నడూ చూడనిది. అలా కొన్నప్పుడు చెవికి పోగు, బీమా, టీకాలు ఉండేవి. పారుడు రోగానికి టీకా ఉంది, చిటుకు రోగానికి ఉంది. గొర్రెల రెట్రోవైరస్‌లకు టీకా లేదు, మందు లేదు.

మనకు తెలియకుండానే మనల్ని కాస్త కాచినవి రెండున్నాయి. ఒకటి, మన గొర్రె ఆకాశం కింద పడుకుంటుంది. చేలల్లో మంద కట్టినా, వేసవిలో కృష్ణ ఆయకట్టుకు వలస పోయినా గాలి ఆడుతుంది. రెండోది, పోతు పిల్లలు ఏడాది నిండకుండానే కోతకు పోతాయి, జబ్బు ముదిరే వయసు వాటికి రాదు. ముదిరేది ఎక్కువగా రెండేళ్లు దాటిన తల్లి గొర్రెల్లోనే. ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఊళ్లకొచ్చి మంచెలు వేసి, రేకుల కింద వందల గొర్రెలను కట్టేసి మేపుతున్నారు. వ్యాపారంగా బాగుండొచ్చు. కానీ గాలి ఆడకుండా కట్టిన షెడ్డు ఐస్‌లాండ్ చలికాలపు ఇంటికి దగ్గరి చుట్టమే.

ఇక సంత. పెబ్బేరులోనో దేవరకద్రలోనో కొనేవాడు మూతి తెరిచి పళ్లు చూస్తాడు, నడుము మీద చెయ్యేసి నొక్కుతాడు, పొట్టేలైతే వృషణాలు తడుముతాడు. గడ్డల జబ్బు ముదిరిన గొర్రెకు ఇంకో పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. వెనక కాళ్లు పట్టి పైకెత్తి తల కిందికి వంచితే ముక్కుల్లోంచి నురగ నీళ్లు ధారగా కారతాయి. ఒక్కోసారి గ్లాసెడు దాకా. అలా కారితే దాదాపు ఖాయం, కారకపోతే లేదని మాత్రం కాదు. మైడికైతే రక్త పరీక్ష ఉంది, పశువుల డాక్టరుతో నమూనా పంపించుకోవచ్చు. గడ్డల జబ్బుకు అదీ లేదు కాబట్టి పొట్టేలును సంత గుంపులోంచి కాక, తల్లిని, మందను చూసిన చోట కొనడమే మేలు. దమ్ము పట్టిన దాన్ని సంతకు తోలితే అది మళ్లీ ఇంకో మందలో తేలుతుంది. కోతకే పోవాలి. దాని పిల్లలను విత్తనానికి ఉంచుకోకూడదు.

కోసినప్పుడు ఊపిరితిత్తులను కుక్కలకు విసిరే ముందు ఒక నిమిషం చూడాలి. బాగున్నవి గులాబి రంగులో, దూదిలా తేలిగ్గా, నీళ్లలో తేలేలా ఉంటాయి. గడ్డలున్నవి రెండు మూడింతల బరువు. కింది తమ్మెలు బూడిద రంగులో గట్టిగా ఉంటాయి, గొంతు గొట్టం నిండా తెల్ల నురగ. కత్తితో కోస్తే నీళ్లు ఊరతాయి. అలాంటిది కనపడితే ఒక ముక్క ఫార్మలిన్ (కుళ్లకుండా ఉంచే మందు) సీసాలో వేసి పశువుల దవాఖానలో ఇవ్వాలి, ఆ గొర్రె ఏ మందదో, ఎప్పుడు ఎక్కడ కొన్నదో చీటీ మీద రాసి.