చేపపిల్లలు కొట్టుకుపోయే దారి

చెరువు నిండి అలుగు పారితే నల్లగొండ పల్లెల్లో జనం వలలు పట్టుకుని పరుగెత్తుతారు. నీటికి ఎదురెక్కే చేపలు అక్కడ అందరికీ తెలుసు. అవి పెట్టిన గుడ్లు, వాటి నుంచి వచ్చే పిల్లలు మాత్రం వాలునే కొట్టుకుపోతాయి. కంటికి ఆననంత చిన్నవి కాబట్టి ఆ ప్రయాణాన్ని ఎవరూ పట్టించుకోరు. రేపటి వలలో పడే చేప ఎంతన్నది తేలేది మాత్రం అందులోనే.

బొచ్చె, రోహు వంటి చేపలు నదికి వరద వచ్చినప్పుడు పారే నీటిలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు రాళ్లకో మొక్కలకో అంటుకోవు. ప్రవాహం ఉన్నంతసేపు దానితో పోతాయి, నీరు నిలిస్తే అడుగుకు దిగుతాయి. వెచ్చని నీటిలో ఒక రోజు లోపే లార్వాలు బయటికి వస్తాయి. తర్వాత రెండు మూడు రోజులు పొట్టకు అంటుకుని ఉన్న సొనే వాటి ఆహారం.

సముద్రంలో ఈ ప్రయాణం చాలా జాతులకు వారాల తరబడి సాగుతుంది. పగడపు దిబ్బల చేపల లార్వాలను శాస్త్రవేత్తలు చాలాకాలం గాలికి కొట్టుకుపోయే దూదిపింజల్లాగే లెక్కగట్టారు. నిజానికి కాస్త ఎదగగానే అవి గట్టిగా ఈదుతాయి. దిబ్బ వాసనను, అక్కడి జీవులు చేసే చప్పుడును పసిగట్టి అటు మళ్లుతాయి. పైనీరు ఒక వైపు, లోపలి నీరు మరో వైపు పారే చోట పైకో కిందికో జరిగి దారి మార్చుకుంటాయి. అన్నం మెతుకంత ప్రాణికి ఇంత నేర్పు ఉండటం నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇంత చిన్నవాటిని వెంబడించడం ఎలా? ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర గుడ్లలోనే ఉన్న కోటికి పైగా చేప పిండాలకు, చెవి లోపల ఏర్పడే రాళ్లలాంటి గట్టి ముక్కల్లో మందుతో గుర్తు వేశారు. తర్వాత దిబ్బకు చేరిన 5,000 పిల్లలను పరీక్షిస్తే 15 పిల్లల్లో ఆ గుర్తు కనిపించింది. గుర్తు వేసినవి అక్కడి మొత్తం గుడ్లలో చాలా చిన్న వాటా. దాన్ని బట్టి లెక్కిస్తే 15 నుంచి 60 శాతం పిల్లలు పుట్టిన దీవికే తిరిగి వచ్చాయని తేలింది. 1999లో వెలువడిన ఈ ఫలితం పాత నమ్మకాన్ని కదిలించింది. 2012లో ఆస్ట్రేలియాలోనే ఉన్న కెపెల్ దీవుల దగ్గర పరిశోధకులు డీఎన్‌ఏతో పిల్లల తల్లిదండ్రులను గుర్తించారు. అక్కడ వేట నిషేధించిన భాగం దిబ్బల్లో 28 శాతమే. అయినా 30 కిలోమీటర్ల పరిధిలో చేరిన పిల్లల్లో దాదాపు సగం ఆ భాగంలో పుట్టినవే. వల పడని చోట చేపలు పెద్దవవుతాయి, పెద్ద తల్లిచేప ఎన్నో రెట్లు ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఆ సంపద పొరుగు జాలర్లకూ అందుతుంది.

మన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవులకు అభయారణ్యం రక్షణ ఉంది. అక్కడి తీరప్రవాహం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. ఒకే మొగ నుంచి బయటపడిన లార్వాలు ఏప్రిల్‌లో ఒక తీరానికి, నవంబరులో మరో తీరానికి పోవచ్చు. వేట ఎక్కడ ఆపాలో పటం మీద గీత గీసేవాళ్లు నెలను కూడా చూడాలి.

నదిలో చిక్కు ఇంకా పెద్దది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో నీరు నిలుస్తుంది. పై నుంచి వచ్చిన గుడ్లు పొదగకముందే ఆ నిలవనీటికి చేరితే అడుగున పడి చెడిపోతాయి. అందుకే ఏటా హ్యాచరీలలో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రాల్లో, పెంచిన పిల్లలను తెచ్చి వదులుతున్నారు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. హ్యాచరీలో గుండ్రటి తొట్టెలు కట్టి నీటిని తిప్పుతూ ఉంటారు. గుడ్లకు ఇప్పటికీ పారే నీరే కావాలి.

పిల్లలను వదలడం మంచి పనే. అయితే జలాశయాల వెనుకజలాలకు ఎగువన నది ఇంకా పారుతున్న చోట్లను గుర్తించి, వరద రోజుల్లో అక్కడ వలలు వేయకుండా ఆపడం అంతకన్నా ముందు జరగాలి. ఆ చోట్లు ఎక్కడున్నాయో తీరం వెంట వేట సాగించే బెస్తలను, ముదిరాజులను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు.