చేతికందే శోకం: బెంగళూరు స్మారక శిల్పాల వెనుక కథ

2018లో బెంగళూరు హెబ్బాళలో మురుగు కాలువ కోసం తవ్వుతుంటే ఒక రాయి బయటపడింది. దాని మీద కిట్టయ్య అనే వీరుడి పేరుంది. గంగ వంశపు రాజు శ్రీపురుషుడి కాలంలో, అంటే సుమారు క్రీ.శ. 750లో, శత్రువులు మీద పడ్డప్పుడు అడ్డం నిలబడి ప్రాణం వదిలిన మనిషి అతను. నగరంలో ఇంతవరకు దొరికిన కన్నడ శాసనాల్లో అన్నిటికన్నా పాతది ఇదేనంటారు. చుట్టుపక్కలవాళ్లు, శాసనాల మీద మక్కువ ఉన్నవాళ్లు చందాలు వేసుకుని ఆ రాతికి ఒక మంటపం కట్టించారు. పన్నెండు వందల ఏళ్ల కిందట పోయిన మనిషికి ఈ కాలం వాళ్లు నీడ కల్పించారన్నమాట.

ఈమధ్య గ్యాలరీల్లో ఇంకో రకం శిల్పాలు కనిపిస్తున్నాయి. గది, గడప, గోడ, కిటికీ చట్రం వంటివి ముడిసరుకు. పోయినవాళ్లను తలుచుకోవడం వాటి పని. చూడ్డానికి వెళ్లిన మన తెలుగువాళ్లు కూడా సహజంగానే అడుగుతారు: ఇందులో బొమ్మేదీ, ఇది శిల్పమెలా అయింది అని. పక్కనే ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు ఒకటి. ఈ రెండు చిక్కుల వెనుకా ఉన్న కథ మాత్రం హెబ్బాళ రాతి అంత పాతది.

ఇలా వీరుడి పేరున నిలిపే రాతిని వీరగల్లు అంటారు, దాన్ని దగ్గరగా చూడండి. కాలక్రమంలో దీనికి ఒక పద్ధతి ఏర్పడింది. చాలా రాళ్లలో మూడు అంతస్తులుంటాయి. కింద పోరు. మధ్యలో అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకుపోతుంటారు. పై అంతస్తులో అతను శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఆ పై అంతస్తును చాలాచోట్ల గుడిలా చెక్కుతారు, స్తంభాలు, పైకప్పు, శిఖరంతో సహా. యుద్ధంలో పోయినవాడికి అక్కడొక ఇల్లు కట్టించి ఇచ్చారు. బేగూరు పంచలింగ నాగేశ్వర దేవాలయంలోని సుమారు క్రీ.శ. 900 నాటి శాసనం బుట్టనశెట్టి అనే అతను ‘బెంగళూరు యుద్ధం’లో చనిపోయాడని చెబుతుంది. అంటే ఈ ఊరి పేరు మనకు మొదట వినబడేదే ఒక చావు కబురులో.

అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు ఇది పరాయి సంగతేం కాదు. పాతకాలపు సోరెమతి యుద్ధంలో పడినవాళ్ల పేరున ఆ జిల్లాల్లో రాళ్లున్నాయి. పల్నాడులో కారెంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, బయటికి తీసి పూజిస్తారు. పేరంటాళ్ల గుళ్లు మన పల్లెల్లో ఎన్నో. బెంగళూరు చుట్టుపక్కల కనబడే మాస్తికల్లులు, అంటే సతీసహగమనం చేసిన ఆడవాళ్ల పేరున నిలిపిన రాళ్లు, వాటికి చుట్టాలే. రాతిలోంచి ఒక చెయ్యి పైకి లేచి ఉంటుంది, గాజులు నిండుగా ఉంటాయి. ఆ చేతిని చూస్తే భక్తి కన్నా ముందు నాకు భయమే కలుగుతుంది. మొగుడి చితిలో కాలిపోయిన ఆడమనిషికి దక్కిన గౌరవం అది. స్మారకం అన్న ప్రతిదాన్నీ కళ్లకద్దుకోలేం.

ఈ రాళ్లను ఎవరూ దూరం నుంచి చూసి ఊరుకోలేదు. నూనె పూశారు, పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, ఎనామిల్ రంగు కూడా వేశారు. దానితో అక్షరాలు పూడిపోతాయి, శాసనం చదివేవాళ్లు తలపట్టుకుంటారు. వాళ్ల పద్ధతీ మళ్లీ చేతి పనే. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి ప్రతి గుంటలోకీ దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలుతాయి. 1905లో బి.ఎల్. రైస్ బెంగళూరు జిల్లా శాసనాల సంపుటం అచ్చువేశారు. ఆ తరం శాసన పరిశోధకులు ఊరూరా తిరిగి చేసిన పని ఇదే. రాతిని వదిలి దాని చర్మాన్ని ఇంటికి తెచ్చుకోవడం.

ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని అవసరం ముందుంది.

వారాంతంలో బెంగళూరు నుంచి లేపాక్షి వెళ్లేవాళ్లకు గైడ్లు ఒక గోడ చూపిస్తారు. అచ్యుతరాయల కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజుకు కోపం వచ్చిందట. శిక్ష పడకముందే విరూపణ్ణ తన కళ్లు తనే పెరికి గోడకేసి కొట్టాడట. ఆ ఎర్ర మరకలు అవేనట. కథ నిజమో కాదో పక్కన పెడదాం. అక్కడ విరూపణ్ణ విగ్రహం కోసం ఎవరూ వెతకరు, అందరి వేళ్లూ ఆ మరకల వైపే పోతాయి. పక్కనే అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మంటపం. మనిషి లేకుండా గోడ, స్తంభాలు మాత్రమే బాధను మోయగలవని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బ్రిటిష్‌వాళ్లు వచ్చాక ఇంకో రకం స్మారకం దిగింది. 1791లో కార్న్‌వాలిస్ సేనలు బెంగళూరు కోటను పట్టుకున్నాయి. మూడో మైసూరు యుద్ధంలో పోయిన తమ సైనికుల పేరున వాళ్లు ఒక రాతి స్తంభం నిలబెట్టారు. శవం లేని సమాధి అది. దాని పేరే రోడ్డుకూ పెట్టారు. 1964లో నగర కార్పొరేషన్ దాన్ని పడగొట్టింది. ఆ రోడ్డు ఇప్పుడు నృపతుంగ రోడ్డు, అక్కడ ఈ ఊరిని కట్టించిన కెంపేగౌడ విగ్రహం ఉంది. గెలిచినవాడి దుఃఖాన్ని ఓడిన ఊరు ఎన్నాళ్లు మోస్తుంది? పడగొట్టినందుకు నాకేం బాధలేదు గానీ, ఖాళీ అయిన చోటల్లా విగ్రహం పెట్టాలనే అలవాటు అప్పటినుంచి బలపడినట్టుంది.

ఇక ఆధునిక శిల్పం సంగతి. 1993 ఈ కథలో ముఖ్యమైన ఏడు. లండన్‌లో శిల్పి రేచెల్ వైట్‌రీడ్ కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక ఇంటి లోపలి గోడల మీదంతా కాంక్రీటు చిమ్మి, తర్వాత బయటి గోడలు ఒలిచేసింది. మిగిలింది ఆ ఇంట్లోని గాలి, గట్టిపడి. తలుపుల గుర్తులు, పొయ్యిగూళ్ల గుర్తులు, స్విచ్చుల గుర్తులు అన్నీ తిరగబడి కనిపించాయి. ఆమెకు బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ బహుమతి వచ్చిన రోజే స్థానిక కౌన్సిల్ దాన్ని పడగొట్టాలని తీర్మానించింది. 1994 జనవరిలో పడగొట్టేశారు కూడా. మన దగ్గర అదే 1993లో చిత్రకారుడు వివాన్ సుందరం, బొంబాయి అల్లర్లలో వీధిలో పడి ఉన్న ఒక మనిషి పత్రికా ఛాయాచిత్రాన్ని తీసుకుని ‘మెమోరియల్’ చేశాడు. ఫోటోకు మేకులు దిగగొట్టాడు, ట్రంకు పెట్టెలతో ద్వారం నిలబెట్టాడు. పేరు తెలియని శవానికి సమాధి మందిరం కట్టినట్టు.

కొరియా శిల్పి దో హో సు న్యూయార్క్‌లో తను ఏళ్ల తరబడి అద్దెకున్న ఇంటిని లోపలంతా తెల్ల కాగితంతో కప్పాడు. రంగు పెన్సిళ్లతో రుద్దుతూ పోయాడు. పొయ్యి, గొళ్లెం, స్విచ్చు, గోడ మీది గీతలు అన్నీ కాగితం మీదకి దిగాయి. రైస్ తరం వాళ్లు చేసింది ఇదే కదా! వాళ్లకు కావలసింది అక్షరాలు, ఇతనికి కావలసింది ఇంట్లోని ప్రతి అంగుళాన్నీ మరోసారి తడమడం. చేతి కదలిక మాత్రం ఒక్కటే.

బెంగళూరు విషయానికొస్తే ఇక్కడి శిల్పి షీలా గౌడ పేరు చెప్పకుండా కుదరదు. ‘డార్క్‌రూమ్’ (2006)లో ఆమె రోడ్డు పనుల్లో మిగిలిన తారు పీపాలను స్తంభాలుగా నిలిపింది, రేకులుగా సాగగొట్టి పైకప్పు వేసింది. దూరం నుంచి కోటలా కనిపిస్తుంది, దగ్గరికి పోతే రోడ్డు కూలీల గుడిసె. లోపలికి పాకుతూ వెళ్లాలి. కప్పుకు పొడిచిన చిన్న చిల్లుల్లోంచి వెలుతురు నక్షత్రాల్లా పడుతుంది. మోకాళ్లు, అరచేతులు నేలకు ఆనితే తప్ప అందని శిల్పం.

ఇక్కడే ఫ్రీడమ్ పార్క్ గుర్తొస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు సెంట్రల్ జైలు అది. ఖైదీలను పరప్పన అగ్రహారానికి తరలించాక, మ్యాథ్యూ అండ్ ఘోష్ సంస్థ రూపకల్పనలో పార్కుగా మారి 2008లో తెరుచుకుంది. నడిమి కావలి బురుజును ఉంచారు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, ఆద్వానీ ఇక్కడే ఉన్నారని అందరూ చెబుతారు. మన కవి పఠాభి భార్య, నటి స్నేహలతా రెడ్డి కూడా ఇక్కడే ఉన్నారని చెప్పేవాళ్లు తక్కువ. 1976లో అరెస్టయ్యారు, ఉబ్బసంతో నెలల తరబడి నలిగిపోయారు, 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే కన్నుమూశారు. జైల్లో రాసుకున్న డైరీ తర్వాత అచ్చయింది. ఆమెకు స్మారకం కావాలంటే కొత్తగా కంచు పోయనక్కర్లేదు, ఆ గోడలు చాలు. ఊపిరి ఆడని మనిషికి నాలుగు గోడలంటే ఏమిటో చెప్పడానికి బొమ్మ కన్నా గదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

నగరం మాత్రం ఎత్తు వైపే మొగ్గుతోంది. 2022 నవంబరులో విమానాశ్రయం దగ్గర 108 అడుగుల కెంపేగౌడ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. గొప్పగానే ఉంది, కాదనను. అయితే దాన్ని తలెత్తి చూడాలి, ఫోటో తీసుకోవాలి, వెళ్లిపోవాలి. అంత ఎత్తున్న ముఖానికి పసుపు రాసేదెవరు?

మరోవైపు చరిత్ర పరిశోధన సంస్థ మిథిక్ సొసైటీవాళ్లు బెంగళూరు శాసనాలను త్రీడీ స్కానింగ్ చేస్తున్నారు. 1909లో పుట్టిన ఈ సంస్థ ఉన్నది, చిత్రంగా, ఒకప్పుడు ఆ బ్రిటిష్ స్తంభం పేరు మోసిన రోడ్డులోనే. కంటికి ఆనని అక్షరాలు స్కానింగ్‌లో తేలుతున్నాయి. రోడ్డు వెడల్పులో రాయి పోయినా పాఠం పోదు. నూనె మరకల గొడవా లేదు. అయినా స్కానింగ్ ఫైలు కంప్యూటర్‌లో ఉండిపోతే సగం పనే అయినట్టు. అదే ఫైలు నుంచి అసలు కొలతల్లో నకలు తీయొచ్చు. హెబ్బాళ పిల్లల బడిలో ఒకటి, బేగూరులో ఒకటి పెట్టి, వాటి పక్కన మాత్రం ఆ ‘ముట్టుకోరాదు’ బోర్డు పెట్టకుండా ఉంటే బాగుంటుంది. అసలు రాయికి కాస్త విశ్రాంతీ దొరుకుతుంది.