మార్కులొస్తే సైన్స్ వచ్చినట్టేనా? ఒక ఫిజిక్స్ టీచర్ రాసిన అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మా పిల్లలు బిట్లు బాగా రాస్తారు, మార్కులూ వస్తాయి. కానీ పుస్తకంలో లేని మామూలు ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు, బడికి రాకముందు ఉన్న ఆలోచనే బయటికి వస్తుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అపోహ: పెద్ద చదువులు చదివినవాళ్లకు ప్రాథమిక సైన్స్ తెలిసే ఉంటుంది.

వాస్తవం: వేసవిలో ఎండలు ఎందుకు ముదురుతాయో ఇంట్లో డిగ్రీ ఉన్నవాళ్లను అడిగి చూడండి. 'భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కదా' అనేవాళ్లు చాలామంది. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. మనం చలికి వణుకుతూ భోగి మంటల కోసం కట్టెలు పోగేసుకునే రోజులవి! అతి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్లలో ఉండేది జులైలో. అసలు కారణం భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వాలి ఉండటం. అందువల్లే వేసవిలో సూర్యకిరణాలు మన మీద ఎక్కువ నిటారుగా పడతాయి.

ఇది మన ఒక్కరి లోపం కాదు. 1987లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం హార్వర్డ్‌లో విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు కలిపి 23 మందిని రుతువుల గురించో చంద్రకళల గురించో అడిగితే 21 మంది తప్పు చెప్పారు.

అపోహ: పాఠం చక్కగా చెబితే పాత తప్పు దానంతటదే పోతుంది.

వాస్తవం: పోదు. పాత ఆలోచన లోపల అలాగే ఉంటుంది, పాఠంలోని మాటలు దాని మీద పేరుకుంటాయి. 'ఉన్ని అధమ ఉష్ణవాహకం' అని తప్పు లేకుండా రాసిన పిల్లల ముందు రెండు ఐసు ముక్కలు పెట్టాను. ఒకటి పళ్లెంలో, ఇంకొకటి శాలువాలో చుట్టి. ఏది ముందు కరుగుతుందని అడిగితే ఎక్కువమంది శాలువాలోదే అన్నారు. శాలువా వేడినిస్తుందని వాళ్ల నమ్మకం. నిజానికి అది బయటి వేడిని ఐసు దాకా తొందరగా చేరనివ్వదు. ఐసు దిమ్మను ఊకలో పెట్టి గోనెపట్టా చుట్టే వ్యాపారి ఆ పొరపాటు చేయడు. పదం తెలియకపోయినా ఆయనకు సంగతి తెలుసు. మా పిల్లలకు పదమే తెలుసు.

అపోహ: లెక్కలు చేయగలిగితే భావన అర్థమైనట్టే.

వాస్తవం: నాణేన్ని పైకి ఎగరేశాం. గాలిలో పైకి వెళ్తున్నప్పుడు దాని మీద ఏ బలం పనిచేస్తోంది? న్యూటన్ సూత్రంతో లెక్కలు చకచకా చేసే విద్యార్థి కూడా 'చెయ్యి ఇచ్చిన బలం' అంటాడు. చెయ్యి వదిలాక ఆ బలం ఉండదు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే ఉన్నది కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ ఇలాంటి ప్రశ్నలతోనే పరీక్ష పెడితే, ఒక విద్యార్థిని 'మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా?' అని అడిగిందట. ఆ తర్వాత ఆయన బోధనా పద్ధతినే మార్చుకున్నారు. 1998లో అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్ ఆరు వేలకు పైగా ఫిజిక్స్ విద్యార్థుల ఫలితాలు పోల్చారు. కోర్సుకు ముందు తెలియనిదాంట్లో, ఉపన్యాసం విన్న క్లాసులు సగటున 23 శాతం నేర్చుకుంటే, చర్చించుకుంటూ నేర్చుకున్న క్లాసులు 48 శాతం నేర్చుకున్నాయి.

అపోహ: ప్రాక్టికల్స్ చేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: రావాల్సిన జవాబు ముందే తెలిసి, దానికి సరిపోయే రీడింగులు రికార్డులో రాస్తే అది ప్రయోగం కాదు. ఏం జరుగుతుందో ముందు పిల్లల చేత చెప్పించాలి, చూపించడం ఆ తర్వాతే.

నేనిప్పుడు బడి ఆవరణలో ఒక మీటరు కర్ర నిటారుగా పాతించాను. నెలకోసారి మిట్టమధ్యాహ్నం దాని నీడను పిల్లలే కొలుస్తారు. కొలిచే ముందు ఎంత ఉంటుందో అంచనా రాయాలి. డిసెంబరు 21 ప్రాంతంలో నీడ 86 సెంటీమీటర్లు, ఏప్రిల్ 20కి 10 సెంటీమీటర్లు. మే 9 ప్రాంతంలో అసలు నీడే పడదు, కానీ అప్పటికి సెలవులు. జూన్‌లో బడి తెరిచాక నీడ మళ్లీ కనిపిస్తుంది, అయితే ఈసారి దక్షిణం వైపు. 'కర్ర ఎవరో కదిపారు సార్' అని మొదట అనేది పిల్లలే. బరువు కట్టి వేలాడదీసిన దారంతో సరిచూసి, కర్ర నిటారుగానే ఉందని తేల్చేదీ వాళ్లే.