ఆరు బీకర్లలో గోదావరి

జూలైలో గోదావరికి ఎర్రనీరు రావడం రాజమండ్రి వాళ్లకు కొత్తేం కాదు. ఎగువన కురిసిన వానలన్నీ దారిలో మట్టిని కడుక్కుంటూ వచ్చి ఘాట్ల మెట్లను తాకుతాయి. గ్లాసులో పట్టి చూస్తే చిక్కటి టీ. అయినా పొద్దున్నే కుళాయి తిప్పితే తేట నీళ్లే రావాలి కదా! నదినీటిని శుద్ధి చేసే ఏ ప్లాంటు ల్యాబులోనైనా టెన్షన్ మొదలయ్యేది ఈ రోజుల్లోనే.

ఆ టెన్షనంతా ఆరు బీకర్ల చుట్టూ తిరుగుతుంది. ఆ రోజు నీళ్లకు ఎంత పటిక వేయాలో తేల్చే ఈ పరీక్షను జార్ టెస్ట్ అంటారు. ఒక్కో బీకర్లో లీటరు నది నీళ్లు పోసి, పటిక ద్రావణాన్ని వరసగా పెంచుకుంటూ పోతారు: 10 మిల్లీగ్రాములు, 20, 30, అలా 60 దాకా. తెడ్లతో ఒక నిమిషం గిరగిరా తిప్పుతారు. తర్వాత ఓ ఇరవై నిమిషాలు మెల్లగా, చంటిపిల్లను ఊపినట్టు తిప్పి ఆపేస్తారు. మొదటి బీకరు ఇంకా మసకగానే ఉంటుంది. మూడోదాంట్లో దూదిపింజల్లాంటి ముద్దలు కట్టి, చూస్తుండగానే అడుక్కి దిగుతాయి. ఆరోదాంట్లో ఇంకా తేటగా ఉండాలి అనుకుంటాం. ఒక్కోసారి అది మళ్లీ మసకబారి ఉంటుంది.

ఎందుకంటే సన్నటి మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ రోజుల తరబడి నీళ్లలో తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లార్చితేనే దగ్గరకు చేరి ముద్దకడతాయి. మోతాదు మించితే ధనావేశం అంటుకుని మళ్లీ తోపులాట మొదలవుతుంది. పైగా ప్రతి మిల్లీగ్రాము పటికా నీటిలోని క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) సుమారు అర మిల్లీగ్రాము మింగేస్తుంది. క్షారత తక్కువున్న నీళ్లయితే సున్నం కూడా కలపాల్సిందే. వెనకటికి మన పల్లెల్లో బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు. అదీ మట్టిని ముద్దకట్టించి అడుక్కి దించడానికే.

ప్లాంటు డిజైనంటే చాలావరకు ఈ బీకరునే కాంక్రీటులో కట్టడం. గిరగిరా తిప్పేదానికి ఒక చిన్న తొట్టి, మెల్లగా తిప్పేదానికి ఒక పెద్ద తొట్టి, ముద్దలు దిగడానికి రెండు రెండున్నర గంటలు నీళ్లు నిలిచే క్లారిఫైయర్.

వరద కంటే వేసవి నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, పని తేలిక అనుకుంటాం. కానీ రేణువులు పలచబడితే అవి ఒకదాన్నొకటి తగిలేదెలా? ముద్ద సరిగా కట్టదు. అందుకని కొన్ని ప్లాంట్లలో క్లారిఫైయర్ అడుగు బురదనే కొంత తెచ్చి మళ్లీ కలుపుతారు. తేట నీళ్లలో బురద పోయడం చూస్తే తెలియనివాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది.

తర్వాత ఫిల్టర్ బెడ్. అర మిల్లీమీటరు రేణువుల ఇసుక, రెండడుగులకు పైగా మందం. ఇసుక సందులతో పోలిస్తే బ్యాక్టీరియా ఎంతో చిన్నది, మరి ఎలా ఆగుతుంది? జల్లెడలో చిక్కినట్టు కాదు, ఇసుకకు అంటుకుని ఆగుతుంది. పటిక ఆవేశాన్ని చల్లార్చకపోతే అంటుకోదు. అంటే జార్ టెస్ట్ తప్పితే ఫిల్టరూ తప్పినట్టే. బెడ్ పూడుకుపోతే కింది నుంచి గాలీ నీళ్లూ ఎదురు పంపి బ్యాక్‌వాష్ చేస్తారు. ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతలాడి, పైన ఎర్రటి మురికి పొంగి పోతుంది.

చివర్లో క్లోరిన్ ఉంది కదా అని ధీమా పడటానికి లేదు. అరగంట నీళ్లలో ఉంటే బ్యాక్టీరియాను చంపుతుంది, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి కుళాయి దాకా కాపలా కాస్తుంది. కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి పెంకు దానికి లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో అదే జరిగింది. సరస్సు నుంచి వచ్చే నీళ్లు మారిపోయాయి, మట్టిని ముద్దకట్టించే మందు మోతాదు ఆ మార్పును అందుకోలేకపోయింది. అంచనా ప్రకారం 4 లక్షల మందికి పైగా విరేచనాల పాలయ్యారు. మన ప్రమాణాల్లో తాగేనీటి మసకకు కోరదగిన హద్దు 1 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్). అక్కడ ఫిల్టరు దాటిన నీళ్లలో అది సుమారు 1.7కి చేరింది. ఆ నీళ్లు గ్లాసులో పోసి చూస్తే, కంటికి తేటగానే కనిపిస్తాయి.